కాలిఫోర్నియా బ్యాలెట్‌ను వెనక పేజీ నుంచి చదవండి: ఓటుకు ముందు మెజర్లు, అభ్యర్థుల గురించి తెలుసుకోవడం ఎలా

మా నాన్న డెబ్బై నాలుగేళ్ల వయసులో అమెరికా పౌరులయ్యారు. మొదటి బ్యాలెట్ పోస్టులో వచ్చిన రోజు కవరు జాగ్రత్తగా చించి, లోపలి పెద్ద కాగితాలను డైనింగ్ టేబుల్ మీద పరిచి, ముందూ వెనకా తిప్పి చూశారు. గుంటూరు జిల్లాలో ఆయన వేసిన ఓట్లన్నీ ఒక గుర్తు, ఒక ముద్ర. తర్వాతి కాలంలో ఒక బటన్. ఇక్కడేమో అధ్యక్షుడి దగ్గర మొదలై నీళ్ల బోర్డు సభ్యుడి దాకా పేర్లు, ఆ తర్వాత యెస్, నో అని నేరుగా ఓటు అడిగే ప్రశ్నలు: ప్రపోజిషన్లు, మెజర్లు. "ఇన్నిటికీ నేను సమాధానం చెప్పాలా?" అన్నారు.

అధ్యక్షుడి దగ్గర ఆయనకు అరనిమిషం కూడా పట్టలేదు. వెనక పేజీ చివర్లో స్కూల్ బాండ్ మెజర్ దగ్గర ఆగిపోయారు. దాన్ని తెలుగులో చదివి చెప్పాను: కారుతున్న పైకప్పులు బాగుచేయడానికి, సైన్స్ ల్యాబులు కొత్తగా కట్టడానికి, పిల్లల భద్రత పెంచడానికి, ఇన్ని కోట్ల డాలర్ల బాండ్లు జారీచేసే ఈ మెజర్‌ను ఆమోదించాలా? నాన్న మళ్లీ చదవమన్నారు. చదివాను. "ఇందులో అప్పు అన్న మాట ఎక్కడుందిరా?" అన్నారు.

లేదు. బాండ్ అంటే అప్పే. బడి జిల్లా, అంటే ఒక ప్రాంతంలో ప్రభుత్వ బడులను నడిపే సంస్థ, ఇవాళ తీసుకుంటుంది, ఇళ్లున్నవాళ్లు పాతికేళ్లో ముప్పై ఏళ్లో ప్రాపర్టీ ట్యాక్స్‌లో వడ్డీతో సహా తీరుస్తారు. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఉండి, నాలుగు ఎన్నికల్లో ఓటు వేసిన నేను ఆ ప్రశ్న ఒక్కసారీ వేసుకోలేదు. ఆ రోజు నుంచీ మా ఇంట్లో బ్యాలెట్‌ను వెనక పేజీ నుంచే చదువుతున్నాం. అధ్యక్షుడి గురించి టీవీ ఏడాది పొడుగునా చెబుతూనే ఉంటుంది. మీ ఇంటి పన్నును, మీ పిల్లల బడిని, మీ వీధిని మార్చే ప్రశ్నలు మాత్రం ఎవరూ మాట్లాడని ఆ చివరి పేజీలో ఉంటాయి. వాటిని ఎలా చదవాలో, మేం చేసే వరుసలోనే చెబుతాను. ఇది కాలిఫోర్నియాకు సంబంధించిన వివరం. వేరే రాష్ట్రాల్లో పద్ధతులు వేరు.

ముందుగా: ఓటు ఎవరికి ఉంది

పౌరసత్వం వచ్చినవాళ్లకే. హెచ్‌1బీ, హెచ్‌4, గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లు ఈ బ్యాలెట్ మీద ఓటు వేయకూడదు. డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్ దగ్గర ఓటరు నమోదు గడిలో పొరపాటున టిక్ పెట్టినా తర్వాత పౌరసత్వం దరఖాస్తులో పెద్ద చిక్కు అవుతుంది. పొరపాటున ఓటే వేస్తే దేశం నుంచి పంపించేసే దాకా వెళ్లొచ్చు. కాబట్టి ఆ గడి దగ్గర తొందరపడొద్దు. ఓటు లేనివాళ్లు కూడా సిటీ కౌన్సిల్ మీటింగ్‌కు, స్కూల్ బోర్డు మీటింగ్‌కు వెళ్లి మాట్లాడొచ్చు. దానికి ఏ కార్డూ అడగరు.

పౌరులైతే, ఎన్నికకు 15 రోజుల ముందే నమోదై ఉండాలి. ఆ గడువు దాటినా ఎన్నిక రోజు దాకా కౌంటీ ఎన్నికల ఆఫీసుకో పోలింగ్ కేంద్రానికో స్వయంగా వెళ్లి నమోదై ఓటు వేసే వీలుంది. నమోదైన ప్రతి ఓటరుకూ బ్యాలెట్ పోస్టులో వస్తుంది. ఎన్నికకు 29 రోజుల ముందు నుంచి కౌంటీలు పంపడం మొదలుపెడతాయి. అంటే దాదాపు నెల రోజుల సమయం మీ చేతిలో ఉన్నట్టే. ఒక ఆదివారం మధ్యాహ్నం మెజర్లకు, ఇంకో ఆదివారం అభ్యర్థులకు పెట్టుకోండి. చివరి రాత్రికి వదిలేస్తే వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన జాబితా చూసి గళ్లు నింపడమే మిగులుతుంది.

టేబుల్ మీద ఏమేం పెట్టుకోవాలి

మూడు. ఒకటి, రాష్ట్రం పంపే ఓటరు సమాచార పుస్తకం. రెండు, కౌంటీ పంపే పుస్తకం. మొదటిదాంట్లో ప్రపోజిషన్లు, రెండోదాంట్లో మీ ఊరి మెజర్లు, స్థానిక అభ్యర్థుల ప్రకటనలు ఉంటాయి. చాలామంది ఈ రెండోదాన్ని ప్రకటనల కాగితాలతో కలిపి రీసైక్లింగ్ డబ్బాలో పడేస్తారు. నిజానికి రెండిట్లో విలువైనది అదే. మూడోది, నిరుటి మీ ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు. అది ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఇంట్లో అమ్మానాన్నలకు ఇంగ్లీషు ఇబ్బందైతే మీ కౌంటీ రిజిస్ట్రార్ (ఎన్నికల ఆఫీసు) వెబ్‌సైట్‌లో భాషల జాబితా చూడండి. శాంటా క్లారా కౌంటీ లాంటి తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న చోట నమూనా బ్యాలెట్ తెలుగులో కూడా ఇస్తున్నారు. దాన్ని పక్కన పెట్టుకుని అసలు బ్యాలెట్ నింపుకోవచ్చు. పోలింగ్ కేంద్రానికి వెళ్తే సాయంగా తమకు నచ్చిన మనిషిని లోపలికి తీసుకెళ్లే హక్కు వాళ్లకుంది. ఉద్యోగం ఇచ్చిన యజమాని, యూనియన్ ప్రతినిధి మాత్రం ఆ సాయం చేయకూడదు. సాయం చేసే మనిషి చదివి చెప్పాలి, నిర్ణయం వాళ్లకే వదలాలి. నాన్నకూ నాకూ పోయిన ఎన్నికల్లో రెండు మెజర్ల మీద ఓటు కలవలేదు. కలవనక్కర్లేదు.

మెజర్‌లో ముందు డబ్బు, తర్వాత కథ

అంకెతో వచ్చేది ప్రపోజిషన్, అది రాష్ట్రమంతటికీ. అక్షరంతో వచ్చేది మెజర్, అది మీ కౌంటీకో, ఊరికో, బడి జిల్లాకో మాత్రమే. బ్యాలెట్ మీద మెజర్ ప్రశ్న 75 మాటలు మించకూడదు. ఆ 75 మాటలను రాసేది సాధారణంగా డబ్బు అడుగుతున్న సంస్థే. అందుకే మొదటి సగమంతా పైకప్పులు, అగ్నిమాపక కేంద్రాలు, గుంతల రోడ్లు. అవి అబద్ధాలని కాదు. ఏది ముందు రాయాలో వాళ్లకు బాగా తెలుసు, అంతే.

ఆ ప్రశ్నను మూడు గీతలతో చదవండి. పెన్సిల్ తీసుకుని ఎంత అనే చోట ఒక గీత, ఎవరు కడతారు అనే చోట ఒక గీత, ఎన్నాళ్లు అనే చోట ఒక గీత గీయండి. పన్ను వేసే మెజరైతే రేటు, ఏటా వచ్చే మొత్తం, కాలపరిమితి ఆ ప్రశ్నలోనే ఉండాలని కాలిఫోర్నియా చట్టం చెబుతుంది. కాబట్టి వెతికితే దొరుకుతాయి. ఎన్నాళ్లు అనే దగ్గర కొన్నిట్లో "ఓటర్లు ఆపేదాకా" అని ఉంటుంది. అంటే ముగింపు తేదీ లేదని అర్థం. దాన్ని ఆపాలంటే మళ్లీ ఎవరో ఒక మెజర్ బ్యాలెట్ మీదికి తేవాలి. నేనైతే ఆ మాట కనబడగానే ఆగి, ఇది ఎప్పటికీ ఉండదగ్గ ఖర్చేనా అని ఇంట్లో ఒకసారి మాట్లాడతాను.

తర్వాత కౌంటీ పుస్తకంలో నిష్పాక్షిక విశ్లేషణ అనే పేజీ తీయండి. ఊరి మెజరైతే సిటీ అటార్నీ, బడి జిల్లాదైతే కౌంటీ న్యాయవాది రాస్తారు. 500 మాటలలోపు ఉంటుంది. పొడిగా ఉంటుంది, చదవబుద్ధి కాదు. కానీ మెజర్ గురించి మీకు దొరికే అత్యంత నిజాయితీ గల పేజీ అదే. అనుకూల, ప్రతికూల వాదనలు దాని తర్వాతే చదవండి. మేం మొదట్లో వాదనలతో మొదలుపెట్టేవాళ్లం. ఏది ముందు చదివితే అదే నిజమనిపించేది.

ఇక మెజర్లలో ఎక్కువగా ఎదురయ్యేవి నాలుగు రకాలు.

స్కూల్ బాండ్: నాన్న ఆగిపోయింది ఇక్కడే. కాలిఫోర్నియాలో ఎక్కువ స్కూల్ బాండ్లకు 55 శాతం ఓట్లు వస్తే చాలు. 2000లో ప్రపోజిషన్ 39 తెచ్చిన వెసులుబాటు ఇది. దానికి బదులుగా కొన్ని కట్టుబాట్లు పెట్టారు. ఆ డబ్బు భవనాలకు, సామగ్రికే వాడాలి. టీచర్ల జీతాలకు, పరిపాలన జీతాలకు వాడకూడదు. ఏటా ఆడిట్ చేయించాలి, పౌరుల పర్యవేక్షణ సంఘం ఉండాలి. ఎలిమెంటరీ నుంచి హైస్కూలు దాకా కలిపి నడిపే యూనిఫైడ్ జిల్లాల్లో ఒక్కో బాండ్‌కు ప్రతి లక్ష డాలర్ల అసెస్డ్ విలువ మీద ఏడాదికి 60 డాలర్లకు మించి పన్ను పడుతుందని అంచనా ఉండకూడదు. ఎలిమెంటరీకో హైస్కూలుకో విడిగా ఉండే జిల్లాలైతే 30, కమ్యూనిటీ కాలేజీలైతే 25.

ఇక్కడే ట్యాక్స్ బిల్లు తీయండి. అసెస్డ్ విలువ అంటే పన్ను లెక్కకు ప్రభుత్వం పట్టే విలువ, ఇప్పుడు మీ ఇల్లు అమ్మితే వచ్చే ధర కాదు. 1978లో వచ్చిన ప్రపోజిషన్ 13 వల్ల, మీరు కొన్న ధర మీద ఏటా 2 శాతానికి మించి ఆ విలువ పెరగదు. 2010లో 6 లక్షలకు కొన్నవాళ్లకు 15 ఏళ్ల తర్వాత అది సుమారు 8 లక్షలు. నిరుడు 20 లక్షలకు కొన్న పక్కింటివాళ్లకు 20 లక్షలు. ఇళ్లు రెండూ ఒకేలా ఉన్నా, 60 డాలర్ల రేటు మీద మొదటివాళ్లు ఏడాదికి 480, రెండోవాళ్లు 1,200 కడతారు. మీ బిల్లులో అంకె చూసి మీ లెక్క మీరు వేసుకోండి, రెండు నిమిషాల పని. అదే బిల్లులో పాత బాండ్లు ఒక్కొక్కటి ఒక్కో వరుసగా కనిపిస్తాయి. మా బిల్లులో ఒకే బడి జిల్లావి మూడు ఉన్నాయి. పాత డబ్బుతో ఏం కట్టారో తెలుసుకోకుండా నాలుగోదానికి ఊ అనడం నాకు ఇష్టం ఉండదు. జిల్లా వెబ్‌సైట్‌లో పర్యవేక్షణ సంఘం నివేదికలు ఉంటాయి. అవి వరుసగా, సమయానికి పెట్టి ఉంటే అది మంచి గుర్తు. రెండేళ్లుగా ఏమీ లేకపోతే ఫోన్ చేసి అడగండి.

కౌంటీ పుస్తకంలో బాండ్ మెజర్‌తోపాటు ట్యాక్స్ రేటు ప్రకటన అని ఒక కాగితం ఉంటుంది. అందులో అసలు, వడ్డీ కలిపి మొత్తం ఎంత తీర్చాల్సి వస్తుందో అంచనా రాస్తారు. నాన్న వెతికిన "అప్పు" అనే మాట చివరికి మాకు అక్కడే దొరికింది. అది చూశాక కూడా ఆయన ఆ బాండ్‌కు యెస్ అనే పెట్టారు. ఆయన చదివిన ఊరి బడికి వర్షాకాలంలో సెలవులిచ్చేవాళ్లట, కప్పు కారి. తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఒప్పుకోవడం వేరు.

పార్సెల్ ట్యాక్స్: ఇది అప్పు కాదు, ఏటా కట్టే పన్ను. సాధారణంగా స్థలానికి ఇంత అని ఒకే మొత్తం. 8 లక్షల ఇంటివాళ్లూ 20 లక్షల ఇంటివాళ్లూ సమానంగా కడతారు. బాండ్ డబ్బు జీతాలకు వాడకూడదన్నాను కదా, దీన్ని వాడొచ్చు. బడిలో సంగీతం టీచర్నో లైబ్రేరియన్‌నో నిలబెట్టేది చాలాచోట్ల ఇదే. బడి జిల్లా పెట్టే పార్సెల్ ట్యాక్స్‌కు మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. ఎన్నోచోట్ల 65 ఏళ్లు దాటినవాళ్లకు మినహాయింపు ఉంటుంది, కానీ దరఖాస్తు పెట్టుకుంటేనే. ఇల్లు అమ్మానాన్నల పేరు మీద ఉంటే ఆ గడువు చూసుకోండి.

సేల్స్ ట్యాక్స్: రాష్ట్రమంతటా కనీసం 7.25 శాతం. దాని మీద ఊళ్లు, కౌంటీలు కలుపుకుంటాయి. బియ్యం, పప్పు, కూరగాయలకు ఇది పడదు. హోటల్ భోజనానికి, ఫోనుకు, కారుకు పడుతుంది. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే: ఇది సాధారణ పన్నా, ప్రత్యేక పన్నా? ప్రత్యేక పన్ను అయితే చెప్పిన పనికే వాడాలి. కౌన్సిల్ పెట్టే ప్రత్యేక పన్నుకు మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. సాధారణ పన్నుకు సగం కంటే ఒక ఓటు ఎక్కువ వస్తే చాలు, డబ్బు మాత్రం మామూలు ఖజానాలోకి వెళ్తుంది. 2025 నవంబర్‌లో శాంటా క్లారా కౌంటీలో వచ్చిన మెజర్ ఎ ఇలాంటిదే. 5 ఏళ్లపాటు 0.625 శాతం. ప్రచారమంతా కౌంటీ ఆసుపత్రుల గురించి జరిగింది, మెజర్ గెలిచింది కూడా. కానీ చట్టం దృష్టిలో అది సాధారణ పన్ను. ఆ డబ్బును దేనికి వాడాలో ఏటా బడ్జెట్లో నిర్ణయించేది సూపర్‌వైజర్లు, అంటే కౌంటీని నడిపే ఎన్నికైన బోర్డు సభ్యులు. అందుకే సాధారణ పన్నుకు యెస్ అనేముందు, ఆ బడ్జెట్ రాసేవాళ్ల మీద మీకు నమ్మకం ఉందా అని చూసుకోండి. అంటే మెజర్, అభ్యర్థి రెండూ ఒకే ప్రశ్న అవుతాయి.

నాలుగో రకం డబ్బు లేనివి: కౌన్సిల్ సభ్యుల పదవీకాలం, ఎత్తు భవనాల అనుమతి, ఊరి చార్టర్‌లో (ఊరి పాలనకు మూల నిబంధనల్లో) మార్పు. వీటికి నిష్పాక్షిక విశ్లేషణ ఒక్కటి చదివితే సరిపోతుంది.

అద్దెకు ఉన్నవాళ్లు ప్రాపర్టీ ట్యాక్స్ మెజర్లు మనకెందుకని వదిలేస్తుంటారు. ఓటు మీకూ ఉంది, మీ పిల్లలూ ఆ బడికే వెళ్తారు. వదలకండి.

ప్రపోజిషన్ల దగ్గర యెస్ అంటే ఏమిటో ముందు తేల్చుకోండి

1911లో గవర్నర్ హైరమ్ జాన్సన్ కాలంలో ఈ ప్రపోజిషన్ల పద్ధతి వచ్చింది. అప్పట్లో సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ గుప్పిట్లో ఉన్న శాసనసభను దాటి, జనమే నేరుగా చట్టం చేసుకోవాలని తెచ్చారు. ఇవాళ ఒక మామూలు చట్టాన్ని బ్యాలెట్ మీదికి తేవాలంటే 5,46,651 సంతకాలు, రాజ్యాంగ సవరణకైతే 8,74,641 సంతకాలు కావాలి. ఇన్ని సంతకాలు వాలంటీర్లతో పోగవడం చాలా కష్టం. సంతకానికి ఇంత అని డబ్బిచ్చి మనుషుల్ని పెడతారు. కాస్ట్‌కో బయట క్లిప్‌బోర్డు పట్టుకుని నిలబడేది ఎక్కువగా వాళ్లే. అక్కడ సంతకం పెట్టేముందు కూడా పైనున్న శీర్షిక చదవండి.

రాష్ట్రం పంపే పుస్తకం ముందు పేజీల్లో ప్రతి ప్రపోజిషన్‌కూ "యెస్ అంటే ఇది, నో అంటే ఇది" అని రెండు చిన్న పేరాలు ఉంటాయి. వాటిని వేలు పెట్టి చదవండి. ముఖ్యంగా రెఫరెండం అయితే. శాసనసభ చేసిన చట్టాన్ని ఎవరైనా ఆపించాలనుకుని బ్యాలెట్ మీదికి తెస్తే, యెస్ అంటే ఆ చట్టం ఉండాలని, నో అంటే పోవాలని. 2016లో ప్రపోజిషన్ 67 అలా వచ్చింది. కిరాణా కొట్లలో పల్చటి ప్లాస్టిక్ సంచుల నిషేధం 2014లోనే చట్టమైంది. సంచుల కంపెనీలు సంతకాలు సేకరించి దాన్ని ఓటింగ్‌కు తెచ్చాయి. నిషేధం కావాలన్నవాళ్లు యెస్ పెట్టాలి. తెచ్చినవాళ్లు కోరుకున్నది నో. మా వీధిలోనే ఒకరు సంచులు వద్దని నో పెట్టి వచ్చారు.

ఆ తర్వాత శాసన విశ్లేషకుల కార్యాలయం రాసిన భాగం. ఏ పార్టీకీ చెందని ఆ కార్యాలయం ప్రతి ప్రపోజిషన్‌కూ రాష్ట్రానికి, ఊళ్లకు ఎంత ఖర్చో, ఎంత ఆదాయమో లెక్క కడుతుంది. నాకు పది ప్రపోజిషన్లకు గంటన్నర పడుతుంది, ఇదొక్కటే చదివితే.

ఆపైన డబ్బు ఎవరిదో చూడండి. పెద్ద మొత్తాలిచ్చిన దాతల జాబితా రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. 2020లో ప్రపోజిషన్ 22 గెలిపించడానికి ఉబర్, లిఫ్ట్, డోర్‌డాష్ లాంటి కంపెనీలు 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాయి. ఆ యాప్‌ల డ్రైవర్లను ఉద్యోగులుగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగా ఉంచే చట్టం అది. డబ్బు పెట్టారు కాబట్టి చెడ్డదని అనను. ఇంత డబ్బు పెట్టినవాళ్లకు తిరిగి వచ్చేదేమిటని అడిగితే చట్టంలోని అసలు మాట త్వరగా కనబడుతుంది.

పుస్తకంలో వ్యతిరేక వాదన లేకపోయినా అందరూ ఒప్పుకున్నట్టు అనుకోవద్దు. 2024లో జైళ్లలో నిర్బంధ చాకిరీని రద్దుచేసే ప్రపోజిషన్ 6కు ఒక్కరూ వ్యతిరేక వాదన పంపలేదు. అయినా అది ఓడిపోయింది.

అభ్యర్థులు: ముందు కుర్చీని, తర్వాత మనిషిని

మన ఊళ్లలో సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులుండవు. ఉంగరమైనా కత్తెరైనా, నిలబడ్డ మనిషి ఎవరి తాలూకో ఊరందరికీ తెలుసు కాబట్టి ఇబ్బంది ఉండదు. ఇక్కడా స్థానిక పదవులకు పార్టీ పేరు రాయరు. సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు, కౌంటీ సూపర్‌వైజర్, షెరీఫ్, జడ్జి, ఎవరికీ ఉండదు. తేడా ఏమిటంటే ఇక్కడ ఎవరు ఎవరో మనకు తెలియదు. కనుక్కోవాలి.

మొదట ఆ కుర్చీ ఏం చేయగలదో రాసుకోండి. ఇది చాలామంది దాటేసే మెట్టు. సిటీ కౌన్సిల్‌కు పోలీసు, అగ్నిమాపకం, రోడ్లు, పార్కులు, ఏ స్థలంలో ఏం కట్టొచ్చు అన్నవి వస్తాయి. బడులు రావు. కాలిఫోర్నియాలో బడి జిల్లా వేరే ప్రభుత్వం లాంటిది, దాని హద్దులు కూడా ఊరి హద్దులతో కలవవు. కూపర్టీనో యూనియన్ బడి జిల్లాలో కూపర్టీనోతోపాటు శాన్ హోజే, సన్నీవేల్ లాంటి ఊళ్ల ముక్కలు కూడా ఉన్నాయి. కాబట్టి సిటీ కౌన్సిల్‌కు నిలబడి, మీ పిల్లల బడి ర్యాంకు పెంచుతానని చెప్పే మనిషికి పదవి గురించి తెలియకైనా ఉండాలి, మనకు తెలియదనైనా అనుకుని ఉండాలి.

బ్యాలెట్ మీద పేరు కింద వృత్తి కనిపిస్తుంది. దానికి మూడు మాటలు మించకూడదు. ఆ మూడు మాటల కోసం అభ్యర్థులు ఎంత ఆలోచిస్తారో అందులో కనిపిస్తుంది. "ఉపాధ్యాయురాలు, తల్లి" అని ఒకరు, "చిన్న వ్యాపారి" అని ఇంకొకరు. ఇప్పటికే పదవిలో ఉన్నవాళ్లు ఆ సంగతి రాసుకోవచ్చు. పేర్లు అక్షరక్రమంలో ఎందుకు లేవని నాన్న అడిగారు. రాష్ట్రం అక్షరాలను లాటరీ తీసి, ఆ వరుసలో పేర్లు వేస్తుంది, మొదట ఉన్నవాళ్లకు ఊరికే లాభం రాకుండా. కాబట్టి పైన ఉన్నంతమాత్రాన ముఖ్యమైన మనిషి కాదు.

కౌంటీ పుస్తకంలో అభ్యర్థి ప్రకటన సాధారణంగా 200 మాటలు. అది వేయించడానికి చాలాచోట్ల అభ్యర్థే డబ్బు కట్టాలి, కొన్ని కౌంటీల్లో అది వేల డాలర్లు. కాబట్టి ప్రకటన లేకపోతే పట్టించుకోలేదని అనుకోకండి, డబ్బు లేక కావచ్చు. ఉన్న ప్రకటనలో క్రియాపదాలు వెతకండి. "నమ్ముతాను, పోరాడతాను" ఎన్ని ఉన్నాయి, "చేశాను" ఎన్ని ఉన్నాయి.

ఇప్పటికే పదవిలో ఉన్నవాళ్లయితే పని ఇంకా తేలిక. వాళ్లు వేసిన ఓట్లు రికార్డులో ఉన్నాయి. కాలిఫోర్నియాలో 1953 నుంచి ఉన్న బ్రౌన్ చట్టం ప్రకారం కౌన్సిల్, బోర్డు మీటింగ్‌లు బహిరంగంగా జరగాలి, మామూలు మీటింగ్ అజెండా 72 గంటల ముందే పెట్టాలి. చాలా ఊళ్లు వీడియోలు కూడా పెడతాయి. అన్నీ చూడనక్కర్లేదు. మీ ఇంటికి దగ్గరగా ఉన్న ఒక్క విషయం ఎంచుకోండి: మూసేస్తామన్న ఎలిమెంటరీ స్కూలో, మీ వీధి చివర కట్టబోయే అపార్ట్‌మెంటులో, పిల్లలు దాటే క్రాస్‌వాక్ దగ్గర సిగ్నలో. ఆ రోజు మీటింగ్ మినిట్స్ తీసి ఎవరు ఎటు ఓటేశారో చూడండి. నేను మా క్రాస్‌వాక్ గురించి చూసినప్పుడు, ప్రచారంలో పిల్లల భద్రత అని బోర్డులు పెట్టిన సభ్యుడు ఆ ఓటు రోజున వచ్చే ఏడాది చూద్దామన్నవాళ్లలో ఉన్నాడు. ఆ పది నిమిషాల వీడియో నాకు యాభై కరపత్రాల కంటే ఎక్కువ చెప్పింది.

డబ్బు సంగతికి ఫారం 460 అడగండి. ఎవరు ఎంత ఇచ్చారు, వాళ్ల వృత్తి ఏమిటి, ఎక్కడ పనిచేస్తారు అన్నీ అందులో ఉంటాయి. కౌన్సిల్ అభ్యర్థులది సిటీ క్లర్క్ దగ్గర, స్కూల్ బోర్డు వాళ్లది కౌంటీ ఎన్నికల ఆఫీసులో, చాలావరకు ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. బిల్డర్లు ఎక్కువగా ఉన్నారా, పోలీసు సంఘమా, టీచర్ల యూనియనా, బంధువులూ ఇరుగుపొరుగూనా? ఏదీ నేరం కాదు. గెలిచాక ఎవరి ఫోన్ ముందు ఎత్తుతారో ఊహించడానికి పనికొస్తుంది.

నేరుగా అడగడం కూడా మర్చిపోకండి. స్థానిక అభ్యర్థికి ఈమెయిల్ రాస్తే తరచు స్వయంగా జవాబిస్తారు. ఒకే ప్రశ్న, అవును కాదని చెప్పగలిగేది అడగండి. లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ అనే ఓటర్ల సంస్థ చాలా ఊళ్లలో అభ్యర్థులందరినీ ఒక వేదిక మీద కూర్చోబెడుతుంది, తర్వాత వీడియో కూడా పెడుతుంది.

మన తెలుగు పేరు బ్యాలెట్ మీద కనబడితే గుండె కాస్త ఉప్పొంగుతుంది. నాకూ అంతే. ఆ పేరును కూడా ఇదే జల్లెడలో వేయండి: ఏ ఓట్లు వేశారు, ఎవరి డబ్బు, ఆ కుర్చీ పని తెలుసా. సంఘం పండగల్లో కనబడ్డారనో, ఫలానా ఊరివాళ్లనో, ఫలానా కులమనో వేసే ఓటు మీ పిల్లల బడికి ఏమీ చేయదు. ఆ జల్లెడలో నిలిచిన మనవాళ్లుంటే అప్పుడు గర్వంగా వేయండి, పదిమందికీ చెప్పండి.

జడ్జిల గురించి క్లుప్తంగా. సుపీరియర్ కోర్టు (కౌంటీ స్థాయి కోర్టు) జడ్జికి పోటీ లేకపోతే బ్యాలెట్ మీద పేరే రాదు. కనబడిందంటే పోటీ ఉన్నట్టే, అప్పుడు మీ కౌంటీ న్యాయవాదుల సంఘం ఇచ్చే అర్హత రేటింగు ఉందేమో చూడండి. పై కోర్టుల న్యాయమూర్తులకు కొనసాగించాలా వద్దా అని యెస్, నో మాత్రమే ఉంటుంది.

పోస్టులో వచ్చే మెరిసే కార్డులు

చివరి రెండు వారాల్లో ఓటరు గైడ్ అని రాసి ఉన్న కార్డులు వస్తాయి. పార్టీ పేరులాగో, పోలీసుల పేరులాగో, టీచర్ల పేరులాగో ఒక పేరు, కింద జాబితా. వీటిలో చాలావరకు వ్యాపారం. పేరు పక్కన నక్షత్రం గుర్తు ఉంటే, ఆ అభ్యర్థో మెజరో అందులో కనబడటానికి డబ్బు కట్టినట్టు. ఆ సంగతి చిన్న అక్షరాల్లో కార్డు మీదే రాసి ఉంటుంది, నాన్న భూతద్దం పెట్టి చదివి చూపించారు. వాట్సాప్ జాబితాలకు ఆ నక్షత్రం కూడా ఉండదు. పంపినవాళ్లను "ఈ మెజర్‌కు యెస్ ఎందుకు?" అని ఒక్క ప్రశ్న అడగండి, జవాబు వస్తే చదవండి.

గళ్లు నింపి పంపడం

నమూనా బ్యాలెట్ మీద ముందు పెన్సిల్‌తో పెట్టుకుని, తర్వాత అసలుదాన్ని నల్ల లేదా నీలం పెన్నుతో నింపండి. చదివినా తేలని ప్రశ్న ఉంటే ఖాళీగా వదిలేయొచ్చు. మిగతా ఓట్లన్నీ లెక్కలోకి వస్తాయి. తెలియని చోట నాణెం ఎగరేసినట్టు గీయడం కంటే అదే మేలని నా అభిప్రాయం. కవరుకు స్టాంపు అక్కర్లేదు. పోస్టులో వేస్తే ఎన్నిక రోజుకల్లా ముద్ర పడి, ఆ తర్వాత 7 రోజుల్లోపు చేరాలి. చివరి రోజైతే పోస్టును నమ్మకుండా అధికారిక డ్రాప్ బాక్సులో వేయండి. మీ బ్యాలెట్ ఎక్కడుందో మెసేజ్ పంపే సేవ రాష్ట్రమే ఉచితంగా ఇస్తుంది, ముందే నమోదు చేసుకోండి.

కవరు మీద సంతకం మర్చిపోవద్దు. అది మీ ఓటరు రికార్డులో ఉన్న సంతకంతో పోల్చి చూస్తారు. నాన్న యాభై ఏళ్లుగా బ్యాంకులోనూ పాస్‌బుక్ మీదా తెలుగులోనే సంతకం పెట్టారు. ఇక్కడ డ్రైవింగ్ లైసెన్స్ తీసుకున్నప్పుడు మాత్రం నేను పక్కన ఉండి ఇంగ్లీషులో పెట్టించాను. మొదటి బ్యాలెట్ కవరు మీద ఆయన చేయి అలవాటుగా తెలుగులోనే వెళ్లింది. పది రోజులకు కౌంటీ నుంచి ఉత్తరం వచ్చింది, సంతకం కలవలేదని, జతచేసిన ఫారం మీద సంతకం చేసి గడువులోపు పంపితే ఓటు లెక్కిస్తామని. సంతకం ఏ లిపిలో ఉన్నా పరవాలేదు, రికార్డుతో కలవాలి, అంతే. నాన్న ఫారం మీద ఇంగ్లీషులో సంతకం చేశారు. తర్వాత ఓటరు నమోదు ఫారం ఇంకొకటి నాతో తెప్పించుకుని, దాని మీద తెలుగులో పెట్టి రికార్డు మార్పించుకున్నారు. ఒక మంగళవారం సాయంత్రం ఆయన ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ బ్యాలెట్ లెక్కించాం అని. అమ్మకు రెండుసార్లు చదివి వినిపించారు.